ఒకే ఇంట్లో రెండు వంటలుంటే జనగణనలో రెండు కుటుంబాలా?

అవును, పొయ్యి వేరైతే కుటుంబం వేరుగానే రాస్తారు. జనగణన చూసేది రక్తసంబంధాన్ని కాదు, మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంట తింటున్నారా అన్నదాన్ని. ఉద్యోగం వల్ల ఒకరు రాత్రిపూట బయట తిన్నా లెక్క మారదు.

ఉదాహరణకు హైదరాబాద్ పక్కనున్న ఘట్‌కేసర్‌లాంటి శివారు ఊళ్లో కింద తల్లిదండ్రులు, పైన కొడుకూ కోడలూ విడిగా వండుకుంటే రెండు కుటుంబాలు. పక్క వాటాలో బంధుత్వం లేని నలుగురు కుర్రాళ్లు కలిసి వండుకుంటే మాత్రం ఒకటే! ఎవరి క్యారియర్ వారు తెప్పించుకుంటే నాలుగు.

చాలామంది పొరబడేది రేషన్ కార్డు దగ్గర. కార్డు ఒకటైతే కుటుంబమూ ఒకటే అనుకుంటారు. జనగణన వివరాలు రాసుకోవడానికి ఇంటికొచ్చే ఎన్యూమరేటర్‌కు కార్డుతో పనిలేదు. అమెరికాలో స్థిరపడిన కొడుకు పేరు కార్డులో ఉన్నా ఇక్కడి సభ్యుల్లో లెక్కించరు. శివార్లలో జనాభాకన్నా కుటుంబాల సంఖ్య వేగంగా పెరగడానికి ఈ వేరు కాపురాలూ ఒక కారణం.