సాలెపురుగు కనిపిస్తే కేక... పాపకూ అదే అలవాటవుతోంది

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మామయ్యగారికి ఒంట్లో బాగోక ఏడాది క్రితం హైదరాబాద్ అపార్ట్‌మెంట్ వదిలి కోనసీమలోని పెంకుటింటికి వచ్చేశాం. చిన్నప్పటి నుంచీ సాలెపురుగంటే భయం. ఇక్కడ వంటింట్లో, స్నానాలగదిలో అరచేయంతవి కనిపిస్తున్నాయి. చూడగానే గుండె దడ, చెమటలు. కేక పెట్టి బయటికి పరిగెడతాను. రాత్రి అరగంట టార్చి వేసి మంచం చుట్టూ వెతికితే గానీ పడుకోను. మావారు ‘టరాంటులా వచ్చింది’ అని ఏడిపిస్తారు, ఓసారి దిండు మీద రబ్బరు బొమ్మ పెట్టారు. ‘పాకితే పొక్కులొస్తాయి’ అంటారు అత్తయ్య. ఇప్పుడు నాలుగేళ్ల పాప కూడా నాలాగే అరుస్తోంది. ఏం చేయను?
– ఓ సోదరి

జవాబు: మీరు చెప్పిన చోటునూ సైజునూ బట్టి అది హంట్స్‌మన్ సాలెపురుగు కావచ్చు. చదునైన గోధుమరంగు ఒళ్లు, పక్కలకు చాచిన కాళ్లు. వేటకు గూడు కట్టదు, రాత్రిపూట బొద్దింకలను వెంటాడి తింటుంది. పొట్ట కింద తెల్లటి గుండ్రని బిళ్ల మోస్తూ కనిపిస్తే అది ఆడది, ఆ బిళ్ల గుడ్ల సంచి. అలికిడి కాగానే చీకటి సందు కోసం పరుగు తీస్తుంది. ఆ దారిలో మీరుంటే మీమీదికే వస్తున్నట్టు అనిపిస్తుంది. చేత్తో నొక్కి పట్టుకుంటే కరవచ్చు. నొప్పి, వాపు ఉంటాయి గానీ ప్రాణానికి ముప్పు లేదు.

మీవారు చెప్పే టరాంటులా, అంటే ఒళ్లంతా వెంట్రుకలుండే పెద్ద సాలెపురుగు, మన దగ్గర లేకపోలేదు. గుత్తిలో దొరికిన నీలిరంగు టరాంటులాను 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త లోకానికి తెలియజేశారు. మళ్లీ 2001లో అది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనిపించింది. చెట్టు తొర్రల్లో బతికే ఆ జీవి ఇప్పుడు అంతరించిపోయే దశలో ఉంది. మీ వంటింట్లో తిరిగేది అది కాదు.

అత్తయ్యగారు చెప్పే పొక్కులకు చాలాసార్లు కారణం వేరే ఉంటుంది. వానాకాలం లైటు దగ్గరికి చేరే ఎరుపు, నలుపు రంగుల సన్నటి పురుగు చర్మం మీద నలిగితే, దాని రసం తగిలినంత మేరా మంట, గీతలా పొక్కులు వస్తాయి. ఒంటికి ఒకవైపే వరసగా నొప్పితో పొక్కులు లేస్తే అది సర్పి. మూడు రోజుల్లోపు డాక్టరుకు చూపించి మందు మొదలుపెట్టాలి. సాలెపురుగును తిట్టుకుంటూ కూర్చుంటే ఆ గడువు దాటిపోతుంది.

ఇక భయం. మీరు పరిగెత్తిన ప్రతిసారీ ‘పారిపోయాను కాబట్టే బతికాను’ అని మెదడు రాసుకుంటుంది. ఆగి ఉంటే ఏం జరిగేదో దానికి తెలిసే అవకాశమే రాదు. ఈ భయానికి ధైర్యం చెప్పడం, మందలించడం పనిచేయనిది అందుకే. మెట్లు మెట్లుగా ఎదురుపడటమే చికిత్స. స్వీడన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త లార్స్-గొరాన్ ఓస్ట్ 1989లో దీన్ని నిపుణుల చేత ఒకే విడతలో, మూడు గంటల లోపు చేయించే పద్ధతిని ప్రచురించారు. ఇంట్లో ఒంటరిగా చేసేటప్పుడు తొందర వద్దు, కొన్ని వారాలు పెట్టుకోండి.

ఒక నోట్‌బుక్‌లో పది మెట్లు రాసి, ఒక్కోదానికి 0 నుంచి 100 దాకా భయం మార్కులు వేయండి. కాగితం మీద సాలెపురుగు బొమ్మ గీయడం, ఫొటో, కదిలే వీడియో, ఖాళీ గూటిని పుల్లతో తాకడం, సీసాలో చచ్చిన పురుగు, ఆ తర్వాత బతికిన చిన్నది. 30 మార్కుల దగ్గర మొదలుపెట్టండి. బతికినదానికి కిటికీ మీద ఈగల వెంట దూకే చిన్న సాలెపురుగును ఎంచుకోండి. దానికి ఎనిమిది కళ్లు. ముందున్న రెండూ పెద్దవి, మనవైపు తిరిగి చూస్తుంది కూడా. నన్నడిగితే ఇంటి సాలెపురుగుల్లో ముద్దొచ్చేది అదే. మూతపెట్టిన గాజు సీసాలో ఉంచి మూడు మీటర్ల దూరంలో కూర్చోండి, తర్వాత ఒక మీటరు, ఆ తర్వాత సీసా చేతిలోకి. పని కాగానే వదిలేయండి.

ప్రతి మెట్టుకూ ముందు ‘ఏం జరుగుతుందనుకుంటున్నాను’ అని రాయండి. ‘మూత తోసుకుని మొహం మీదికి దూకుతుంది, 90 శాతం ఖాయం’ అని రాశారనుకుందాం. ఆ ఊహ తప్పని తేలేదాకా, లేదా భయం సగానికి దిగేదాకా కదలకండి. 20 నుంచి 40 నిమిషాలు పట్టొచ్చు. దడ పుడుతుంది, పుట్టాలి కూడా. ఈ భయంలో రక్తపోటు పెరుగుతుంది కాబట్టి కళ్లు తిరిగి పడిపోవడం అరుదు. గుండెజబ్బు ఉన్నా, గర్భవతి అయినా ముందు డాక్టరును అడగండి.

చాలామందికి ఇక్కడే చెడుతుంది. కళ్లు మూసుకోవడం, చేతిలో చీపురు పట్టుకోవడం, భర్త చేయి వదలకపోవడం, సెల్‌ఫోన్ చూసుకోవడం. ఇవన్నీ మారువేషంలో పారిపోవడమే. బదులుగా కాళ్లు లెక్కపెట్టండి, రంగేమిటో పైకి చెప్పండి. ఒక మెట్టు మరీ కష్టమైతే వెనక్కి పోకుండా మధ్యలో అర మెట్టు కల్పించుకోండి.

చివరి మెట్టు, పట్టి బయట వదలడం. గోడ మీదున్న పురుగుపై పారదర్శకమైన డబ్బా బోర్లించి, అంచు కిందుగా గట్టి శుభలేఖను నెమ్మదిగా జరపాలి. హంట్స్‌మన్‌కు మూతి కనీసం 12 సెంటీమీటర్లుండే డబ్బా కావాలి. మామూలు గ్లాసు పెడితే కాలు తెగుతుంది, అది గింజుకుంటుంది, మీ భయం మళ్లీ 100కి పోతుంది.

టార్చి వెతుకులాటను వారానికి అయిదు నిమిషాల చొప్పున తగ్గించండి. చెప్పులు, దుప్పటి ఒకసారి దులపడం మాత్రం మానకండి. పెంకుటింట్లో తేళ్ల గురించి అది అవసరం. బూజు మామూలుగానే దులుపుకోండి. బొద్దింకలు తగ్గాలంటే రాత్రి తూము మూయండి, ఎంగిలి గిన్నెలు ఉంచకండి.

మీవారికి ఈ పేజీ చదివి వినిపించండి. రబ్బరు బొమ్మ ఒక్కసారి పెడితే మీరెక్కిన మెట్లన్నీ జారిపోతాయి. ఆయన చేయాల్సింది సీసా సిద్ధం చేయడం, టైము చూడటం, చెప్పకుండా ఏదీ చూపించకపోవడం. పాప నేర్చుకునేది మీ మొహం చూసే. సాలెపురుగు కనిపించినప్పుడు కేక ఆపుకోలేకపోతే కాసేపటికైనా ‘అమ్మకు భయమేసింది, నేర్చుకుంటోంది’ అనండి. పాపకు బలవంతాన సాలెపురుగును చూపించొద్దు.

ఆరు వారాలకీ మొదటి రెండు మెట్లే దాటకపోయినా, వంటింట్లోకే వెళ్లలేకపోతున్నా క్లినికల్ సైకాలజిస్టును కలవండి. ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు. నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు సొంతంగా వేసుకుని సాధన చేయకండి.