రాయబారంలో రాయి లేదు, రాజు ఉన్నాడు

సందేహం: మా ఊళ్లో అన్నదమ్ములిద్దరు కయ్య గెనిమ (పొలం గట్టు) దగ్గర గొడవపడ్డారు, రెండేళ్లుగా మాటల్లేవు. మొన్న మా మామగారు ఇద్దరి ఇళ్లకీ వెళ్లి మాట్లాడి వచ్చారు. ‘తాతయ్య రాయబారం చేశాడు’ అని మా బాబు స్కూలు వ్యాసంలో రాస్తే పక్కింటాయన ‘రాయభారం’ అని దిద్దారు. రాయంత బరువైన పని కాబట్టి ఆ పేరు వచ్చిందట. ఏది సరైనది? శత్రువులతో మాట్లాడితేనే రాయబారమా? – ఒక పాఠకురాలు, కోవూరు

సమాధానం: అమ్మా, ముందు మీ బాబుకి చెప్పండి, వాడు రాసిందే తెలుగులో వాడుక. పక్కింటాయన చెప్పిన దాంట్లో సగం నిజముంది, బరువు అన్నమాట నిజమే కానీ అది రాయి బరువు కాదు. ఇక్కడి ‘రాయ’ రాజే. సంస్కృతంలోని రాజ ప్రాకృతంలో రాయ అయింది, కృష్ణదేవరాయలు అన్నప్పుడు మనం పలికేది అదే. రెండో ముక్క భారం, అంటే మోయాల్సిన బాధ్యత. భాష బాస అయినట్టు, భిక్షం బిచ్చం అయినట్టు భారం కూడా ఒత్తు పోగొట్టుకుని బారం అయింది. కన్నడం వాళ్లు ఇప్పటికీ ఒత్తుతోనే రాయభారి అంటారు కాబట్టి ఆ రూపం పరాయిదేమీ కాదు, కానీ మన పుస్తకాల్లో, పేపర్లలో స్థిరపడింది రాయబారమే. మొత్తానికి రాజు పనిని తన నెత్తిన పెట్టుకుని పోయేవాడు రాయబారి.

శత్రువు సంగతికొస్తే, ఈ మాట వినగానే మనకు కృష్ణుడే గుర్తొస్తాడు. మన వైపు తిరునాళ్లలో హార్మోనియం మీద శ్రుతి పట్టి రాయబారం సీను మొదలుపెడితే వన్స్ మోర్‌లతో తెల్లారిపోయేది, అందుకే మన మనసులో ఈ మాట యుద్ధానికి అతుక్కుపోయింది. నిజానికి ఉద్యోగపర్వంలో కృష్ణుడి కంటే ముందే ద్రుపదుడి పురోహితుడు వెళ్లాడు, తర్వాత అటునుంచి సంజయుడు వచ్చాడు. కృష్ణుడు వెళ్లిన భాగానికి సంస్కృత భారతంలో పేరు భగవద్యానం, యానం అంటే వెళ్లడం. నాకు ఇది చాలా ముఖ్యమనిపిస్తుంది. వెళ్లడం, మాట చెప్పడం, జవాబు తేవడం, అంతవరకే రాయబారం. కృష్ణుడు వెళ్లినా యుద్ధం ఆగలేదు, అయినా అది రాయబారం కాకుండా పోలేదు. కుదిరితే దాని పేరు సంధి. సం, ధా కలిసిన మాట అది, దగ్గర చేర్చి పెట్టడమని అర్థం. వ్యాకరణంలో రెండు అక్షరాలు కలిసేదీ ఆ సంధే. ‘సంధి విఫలమైంది’ అని రాస్తుంటారు, విఫలమైంది రాయబారమైతే ఆ మాటే రాయాలి, కుదరని దాన్ని సంధి అనలేం కదా.

పైగా మిత్రుడి దగ్గరికి వెళ్లినా రాయబారమే. మన నెల్లూరు తిక్కన సోమయాజినే చూడండి, 13వ శతాబ్దంలో మనుమసిద్ధి రాజ్యం పోగొట్టుకుంటే మంత్రిగా ఓరుగల్లు వెళ్లి కాకతి గణపతిదేవుణ్ణి సాయం అడిగాడని చెప్పుకుంటాం. అక్కడ శత్రువు లేడు. హంస రాయబారంలో అయితే యుద్ధమే లేదు, నలుడి మాట దమయంతికి చేరవేయడమే. ఇప్పుడు పరాయి దేశంలో మన రాయబార కార్యాలయం ఉందంటే ఆ దేశంతో గొడవ ఉందని కాదు.

రాయబారికి ఎంత అధికారం ఉండాలో కూడా పెద్దలు ఆలోచించారు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో దూతలు మూడు రకాలు. పని మొత్తం తన తెలివికే వదిలేస్తే నిసృష్టార్థుడు, ఇంతవరకే మాట్లాడు అని హద్దు పెడితే పరిమితార్థుడు, రాత తీసుకెళ్లి ఇచ్చేవాడు శాసనహరుడు. కృష్ణుణ్ణి నేను మొదటి రకంలోనే పెడతాను. దూతను చంపకూడదని విభీషణుడు చెప్పబట్టే హనుమంతుడు తోకతో బయటపడ్డాడు. మనకు పక్కనే ఉన్న పల్నాడు కథలో అలరాజుకు ఆ న్యాయం దక్కలేదు, రాయబారం వెళ్లినవాణ్ణి విషంపెట్టి చంపారు. ఆ కథ విన్న ప్రతిసారీ ఈ మాటలో బరువు ఎందుకుందో నాకు తెలుస్తుంది.

ఇక రాజీ అనే మాటలో రాజు లేడు, అది అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది, ఒప్పుకున్నవాడని అర్థం.

మీ మామగారి విషయంలో మాత్రం ఒకటి తేల్చుకోవాలి. రాయబారి ఒకరి మనిషి, ఒకరు పంపితే వెళ్తాడు, వాళ్ల మాటే చెబుతాడు. ఎవరూ పంపకుండా, ఇద్దరికీ మంచి జరగాలని తనంతట తాను వెళ్లినవాడు మధ్యవర్తి, ఆయన చేసేది మధ్యస్తం. తమ్ముడు పంపితేనే తాతయ్య వెళ్లాడా, తనే వెళ్లాడా అని బాబుని అడిగి రాయమనండి, పంపి ఉంటే రాయబారమని ‘బ’తోనే ఉంచమనండి. గెనిమ దగ్గర ఇద్దరూ ఒప్పుకున్న రోజున ఇంకో వాక్యం కలిపి, రాజీ పడ్డారని రాయొచ్చు.