చర్చిలో ఏడుస్తాను, ఇంటికొచ్చి అరుస్తాను

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మాది పశ్చిమ గోదావరి జిల్లా. ఒక ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలో కలెక్షన్ పని చేస్తాను. మా సంఘంలో ఏడేళ్లుగా ఆరాధన నడిపిస్తున్నాను. కీబోర్డు వాయిస్తాను, పాడతాను. తాగుడు లేదు, వేరే అలవాట్లు లేవు. నా బలహీనత కోపం. చిన్న మాటకే నా భార్యను, వాళ్ల పుట్టింటివాళ్లను కలిపి తిడతాను. పోయిన నెల ఒక శుక్రవారం రాత్రి కూర చల్లారిపోయిందని అన్నం కంచం గోడకేసి కొట్టాను. ఆమె మీద మాత్రం ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. పాపకు ఎనిమిదేళ్లు. నా బండి చప్పుడు వినగానే టీవీ కట్టేసి లోపలి గదిలోకి పోతోంది. ఆ రోజు ఆఫీసులో మేనేజరు టార్గెట్ గురించి అందరి ముందూ తిట్టాడు, అయినా నోరెత్తలేదు. ప్రతి ఆదివారం ఆరాధనలో ఏడ్చి ఒప్పుకుంటాను, మనసు తేలికవుతుంది. మంగళవారానికి మళ్లీ మామూలే. శుక్రవారాలు ఉపవాసం కూడా ఉంటున్నాను. కోపపు దురాత్మ పట్టిందని, ప్రత్యేక ప్రార్థన చేయించుకోమని ఒక దైవసేవకుడు చెప్పారు. అపొస్తలుడైన పౌలు గారే బైబిల్లో, కోరిన మేలు చేయలేకపోతున్నానన్నారు, ఇక నేనెంత? నా భార్య కూడా ఆరు నెలలుగా చర్చికి సరిగా రావడం లేదు. అడిగితే తలనొప్పి అంటుంది. విశ్వాసంలో చల్లారిపోయింది. నేను పాటలు మానేయాలా? ఆరాధనలో ఎదగాలంటే ఇంకేం చేయాలి? (పేరు వద్దు)

జవాబు: వందనాలండీ. మీ ఉత్తరంలో మీ భార్య చర్చికి రాకపోవడం గురించి రెండు మూడు ముక్కలే ఉన్నాయి, అవీ చివర్లో. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఒక్కసారి ఆమె వైపు నుంచి ఆదివారాన్ని చూడండి. రాత్రి ఆమె తల్లిని, తండ్రిని పేరుపెట్టి తిట్టిన గొంతు పొద్దున్న మైకులో "ప్రభువా" అంటుంటుంది. చుట్టూ అందరూ చేతులెత్తి కళ్లు మూసుకుంటారు. ఆమె ఆడవాళ్ల మధ్య కూర్చుని అదంతా వినాలి. అయ్యాక ఎవరో ఒకరు దగ్గరికొచ్చి "మీ ఆయనకు ఎంత అభిషేకం అమ్మా, అదృష్టవంతురాలివి" అంటారు. ఆమె నవ్వాలి. నాకైతే ఆ తలనొప్పి నిజమైన తలనొప్పే అనిపిస్తోంది. చల్లారింది విశ్వాసమో, మరొకటో ఆమెను అడక్కుండా మీరు తేల్చేశారు.

మీరు ఒప్పుకుంటున్నారు, కాదనను. కానీ మీ ఒప్పుకోలంతా దేవుడి దగ్గరే. ఆమె దగ్గర ఒప్పుకున్నట్టు ఒక్క మాట లేదు. ఆరాధనలో ఏడ్చాక మీ మనసు తేలికవుతుంది, నిజమే. మీరు అన్నమాట వల్ల పడిన బరువు మాత్రం ఆమె దగ్గరే ఉండిపోతుంది. మీ లెక్క ఆదివారం పదకొండింటికి తీరిపోతోంది, ఆమెది తీరడం లేదు. మంగళవారం మళ్లీ మామూలే ఎందుకవుతోందంటే, నా ఉద్దేశంలో ఇదే మొదటి కారణం. దేవుడి దగ్గర ఏడవడం, ఆమె కళ్లలోకి చూసి తప్పు ఒప్పుకోకుండా తప్పించుకునే దారి అయిపోయింది.

మత్తయి 5వ అధ్యాయంలో యేసు ప్రభువు చెప్పింది మీకు కంఠతా వచ్చే ఉంటుంది: బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి, ముందు వెళ్లి సమాధానపడమన్నాడు. అక్కడ గుర్తుకు రావలసింది మన మనసులో ఎవరి మీద కోపముందనేది కాదు, మన మీద ఎవరికి విరోధముందనేది. వెళ్లాల్సింది అర్పణ తెచ్చినవాడే. పేతురు అయితే ఇంకా సూటిగా, భర్తలకే రాశాడు (1 పేతురు 3:7): భార్యను సన్మానించకపోతే మీ ప్రార్థనలకే అడ్డు. ఆరాధనలో ఎదగడానికి ఇంకేం చేయాలని అడిగారు కదా. ఇంకో ఉపవాసం కాదు, ఇది.

దురాత్మ మాట. ప్రార్థన చేయించుకోవద్దని నేను చెప్పను. కానీ మీరు రాసిందే మళ్లీ చదవండి. మేనేజరు పదిమంది ముందు తిట్టినా మీరు నోరెత్తలేదు. అదే రోజు రాత్రి చల్లారిన కూరకు కంచం ఎగిరింది. నిగ్రహం మీకు ఉంది. ఎవరి ముందు వాడాలో, ఎవరి ముందు అక్కర్లేదో మీ లోపల ఒక నిర్ణయం జరిగిపోతోంది. ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నచోట ఆగే కోపాన్ని దురాత్మ ఖాతాలో రాస్తే మీ వంతు ఏమీ మిగలదు. పౌలు మాట కూడా అంతే. ఆ మాట ఉన్న రోమా 7 దగ్గర పుస్తకం మూసేస్తే అది మంచి సాకు. దాని పక్కనే, ఆత్మ వల్ల పాపం నుంచి విడుదల చెప్పే 8వ అధ్యాయం ఉంది. పైగా కోపం, అల్లరి, దూషణ విసర్జించమని ఎఫెసీయులకు రాసింది ఆ పౌలే.

ఇక శుక్రవారం. కంచం విసిరింది ఉపవాసం రోజునే. పొద్దున్నుంచి కాఫీ చుక్క లేదు, ఎండలో బండి మీద ఇల్లిల్లూ తిరిగి వాయిదాలు అడిగారు, మధ్యలో తిట్లు పడ్డాయి, ఖాళీ కడుపుతో రాత్రి ఇంటికొచ్చారు. ఆ మనిషికి కోపం రావడం ఆశ్చర్యం కాదు. ఉపవాసముంటూనే కలహపడేవాళ్ల గురించి యెషయా 58లో దేవుడు ఏమన్నాడో తీసి చదవండి. కొన్నాళ్లు పనిరోజుల్లో ఉపవాసం ఆపండి. మీ పాస్టరు గారితో మాట్లాడి సెలవు రోజుకు మార్చుకోండి. రోజూ ఇంటికి వచ్చే ముందు ఏదైనా తినండి, వీధి చివర బండి ఆపి ఆఫీసు ఫోన్లు అక్కడే ముగించండి. బీపీ, షుగరు ఒకసారి చూపించుకోండి. ఇవి ఆత్మీయ విషయాలు కావని తీసిపారేయకండి. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ముందు లేపి తినమనే అన్నాడు.

ఆమెతో ఎలా మాట్లాడాలో కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది మగవాళ్లు ఇక్కడే చెడగొట్టుకుంటారు. "ఏదో కోపంలో అన్నాను, సారీ" చాలదు. చేసింది చేసినట్టు చెప్పండి: "ఆ రోజు మీ అమ్మను అనరాని మాట అన్నాను. పాప చూస్తుండగా కంచం విసిరాను. అది తప్పు." అక్కడ ఆపేయండి. "కానీ నువ్వు కూడా" అన్న ముక్క రాకూడదు. క్షమించావా అని వెంటబడకండి. డెబ్బది ఏళ్ల మారులు (అంటే డెబ్బై ఏడుల సార్లు) క్షమించాలన్న వాక్యం ఆమెకు గుర్తుచేసే అర్హత ఈ విషయంలో మీకు లేదు. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి, ఏమీ మాట్లాడకపోతే ఊరుకోండి. అన్నట్టు, ఆ రాత్రి గోడ కింద చెల్లాచెదురైన మెతుకులు ఎవరు ఎత్తారు? మీరు రాయలేదు. ఆమే ఎత్తి ఉంటే ఆ సంగతి కూడా మీ నోటితో చెప్పండి. పాపకు కూడా వేరుగా, చిన్న మాటల్లో చెప్పండి: "నాన్న అరవడం తప్పు. నీ వల్ల కాదు." మీ బండి చప్పుడుకు టీవీ కట్టేసే అలవాటు వారంలో పోదు, తొందరపెట్టకండి.

మళ్లీ కోపం వస్తుంది. గొంతు పెరుగుతోందని తెలియగానే "అరగంటలో వస్తాను" అని చెప్పి బయటికి నడవండి. చెప్పకుండా తలుపు విసిరికొట్టి పోవడం కూడా అరుపే. అన్నమాట ప్రకారం తిరిగి రండి.

పాటల సంగతి. కొన్నాళ్లు మైకు వేరేవాళ్లకు ఇవ్వమనే నా సలహా. శిక్షగా కాదు. పాస్టరు గారికి కారణం చెప్పి, సంఘంలో ప్రకటన లేకుండా, మామూలుగా తప్పుకోండి. ఆ నెలల్లో మీ భార్య పక్కన, ఆమె వస్తే, కుటుంబంగా కూర్చుని పాడండి. మళ్లీ ఎప్పుడు ఎక్కాలో పాస్టరు గారు ఒక్కరే తేల్చకుండా ఆమె మాట కూడా తీసుకోమనండి. ఈ మాట కొందరు సేవకులకు నచ్చదని తెలుసు. మంచి గాయకుడు దొరకడం కష్టం మరి.

ఇంకొకటి, మీకంటే పెద్దవాడు, మీ పాటకు మురిసిపోనివాడు ఒక మనిషి కావాలి. ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమం నడిపిన బోధకుడు జాన్ వెస్లీ 1738లో తన చిన్న గుంపులకు నియమాలు రాసినప్పుడు, వారం వారం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే పెట్టాడు: కిందటిసారి కలిశాక తెలిసి చేసిన పాపం ఏమిటి? మీ పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోండన్న యాకోబు మాటే దానికి ఆధారం. మన గృహ కూడికల్లో ప్రార్థన అవసరతలు అడిగితే జ్వరాలు, ఉద్యోగాలు, వీసాలు చెబుతాం, కోపం చెప్పం. మీరు ఆ ఒక్కరికీ వారానికోసారి ఫోన్ చేసి, ఈ వారం ఇంట్లో ఏమన్నారో మాటలతో సహా చెప్పండి. ఇంత చేసినా అదుపు రాకపోతే 14416కు చేయండి. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ లైను, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. కౌన్సెలింగు తీసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు కాదు.

చెయ్యి చేసుకోలేదని రాశారు. మంచిదే, కానీ దాన్ని గీతగా పెట్టుకోకండి. 2005 నాటి గృహహింస చట్టం తిట్టడాన్ని, అవమానించడాన్ని కూడా హింసగానే లెక్కిస్తుంది. మహిళల సహాయ నంబరు 181 మీ భార్య ఫోన్లో ఉండాలి, అది మీరే ఆమెకు ఇవ్వండి. ఆమె కొన్నాళ్లు పుట్టింటికి వెళ్తానంటే వాక్యాలతో ఆపకండి. ఆమె కూడా నాకు రాయాలనుకుంటే రాయమనండి. ఆ ఉత్తరం మాత్రం మీకు చూపించను.