1780 అని ఉంది, కానీ ఎప్పటిది?

ప్రశ్న: మా తాతగారు యెమెన్‌లోని ఏడెన్ ఓడరేవులో గుమాస్తాగా చేసి, తిరిగొస్తూ తెచ్చిన పెద్ద వెండి నాణెం మా పూజగదిలో ఉంది. ఒకవైపు ముసుగు వేసుకున్న రాణి, రెండోవైపు గండభేరుండంలా రెండు తలల పక్షి, 1780 అని సంవత్సరం. బాగా నల్లబడింది. పండక్కి చింతపండుతో తోమనా? నిజంగా అంత పాతదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఆ తోమడం ఆపండమ్మా. నేను కొన్న మొదటి డచ్చి నాణెం 17వ శతాబ్దానిది, సింహం బొమ్మది. ఇంట్లో వెండి గిన్నెల్ని రుద్దినట్టే విభూతితో రుద్దాను. తళతళా మెరిసింది గానీ సింహం జూలులో సన్నగీతలు పోయాయి. ఇప్పటికీ దాన్ని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ నలుపు మురికి కాదు, ఉండనివ్వండి.

మీ దగ్గరున్నది ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా బొమ్మతో కొట్టిన, థాలర్ అనే వెండి నాణెం. ఆమె 1780 నవంబరులో కన్నుమూసింది. ఎర్ర సముద్రం చుట్టుపక్కల వర్తకులు మాత్రం ఆ బొమ్మనే నమ్మారు. యెమెన్ కాఫీ బేరాల్లోనూ ఇదే చెల్లింది. అందుకని ఆమె పోయాక కూడా అదే సంవత్సరం వేసి కొడుతూనే వచ్చారు. వియన్నా సరే, 1930లలో రోము, లండన్‌లలోనూ, 1940-41లో మన బొంబాయి టంకశాలలోనూ అచ్చయింది! కాబట్టి అంకె చూసి వయసు చెప్పలేం.

వెండి అవునో కాదో మాత్రం ఇంట్లోనే చూడొచ్చు. బరువు 28 గ్రాములకు కాస్త అటూఇటూగా, అడ్డం సుమారు 40 మిల్లీమీటర్లు ఉండాలి. అంచు మీద అక్షరాలు ఉబ్బెత్తుగా ఉండాలి. చిన్న డిజిటల్ కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి, సున్నా చేసి, నాణేన్ని దారంతో కట్టి గిన్నెకు తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచండి. కాటా 2.7, 2.8 గ్రాముల మధ్య చూపిస్తే దిగుల్లేదు. ఇందులో వెండి వెయ్యికి 833 పాళ్లు, మిగతాది రాగి. కంసాలి గీటురాయి మీద గీస్తానంటే ఒప్పుకోకండి.

ఏ టంకశాలదో తేల్చేది చిన్న చిన్న తేడాలే: రాణి భుజం మీది పిన్నులో ముత్యాలు, పక్షి తోక ఈకలు. ఆ రెండుచోట్లా దగ్గరగా ఫొటోలు తీసి పంపండి. తాతగారి పాస్‌పోర్టు ఉంటే ఏడెన్‌లో ఏ ఏళ్లలో ఉన్నారో కూడా రాయండి. 1940కి ముందే తిరిగొచ్చేసి ఉంటే బొంబాయిది కాదని అక్కడే తేలిపోతుంది.