స్పోకులు పట్టేస్తే అన్నీ ఒకేసారి కోయొద్దు
అబ్బయా, మైపాడు బీచ్‌లో తిప్పిన ఎక్స్‌పల్స్ బైకు వెనక చక్రంలో కొన్ని స్పోకులు తుప్పుతో పట్టేశాయి, వాటిని రిమ్ముకి బిగించే చిన్న నట్టు, అదే నిపుల్, తిరగట్లా అన్నావు కదా, అది ఉప్పునీళ్ల పనే. ముందు ఆ కటింగ్ ప్లేయరు పక్కన పెట్టు, దాంతో తిప్పితే నిపుల్ పలకలు అరిగిపోయి ఇంక స్పానరు కూడా పట్టదు. టైరు, ట్యూబు, రిమ్ టేపు తీసేసి లోపలి వైపు నుంచి కూడా నిపుల్ మొదట్లో తుప్పు వదిలించే డబ్ల్యూడీ 40 స్ప్రే కొట్టి రాత్రంతా వదిలెయ్, పొద్దున ఆయిలు శుభ్రంగా తుడిచేసి హీట్ గన్‌తో కాస్త వేడి చేసి స్పోక్ స్పానరుతో ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెంగా కదిలించు, కిర్రుమని సౌండొచ్చిందంటే వస్తన్నట్టే. అప్పటికీ రాకపోతే కోసెయ్యడమే, కానీ ఒకటి కోసి కొత్తది వేసి బిగించాకే రెండోది, లేదంటే రిమ్ము ఒకపక్కకి లాగేస్తది. కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్లు, లోపలి స్పోకుకీ బయటి స్పోకుకీ మెడ వంపు తేడా ఉంటది. మరలకి గ్రీజు పూసి ఎక్కించు, ఇది మాత్రం మానొద్దు, మన సముద్రం గాలికి మళ్లీ పట్టేసేది అక్కడే. చివర్లో రిమ్ము బెండు తీసేటప్పుడు నిపుల్‌ని పావు తిప్పు చొప్పునే తిప్పు. నిపుల్ దాటి స్పోకు మొన పైకొస్తే ఆకురాయితో అరగదీయ్, లేకపోతే ట్యూబు పంచరే.