వాషింగ్ మెషీన్ కొత్తదే... మొరాయింపే ఆగట్లేదు!

ఐదు రోజుల కింద 8 కిలోల ఫ్రంట్ లోడ్ మిషన్ కొన్నాం. ఉతికేటప్పుడు బాగానే ఉంటోంది. పిండే దశకొచ్చేసరికి ఇల్లంతా అదురుతోంది. నిన్నయితే అడుగున్నర ముందుకు జరిగి ప్లగ్గు ఊడొచ్చింది. డెమో అబ్బాయి కోసం నాలుగు రోజులు చూసి, చివరికి మా ప్లంబర్‌తోనే బిగించుకున్నాం. వాపసు ఇచ్చేయమంటారా?
– ఒక గృహిణి, సూర్యాపేట

వాపసు మాట తర్వాత. ముందు స్విచ్ ఆపి, మిషన్ను కాస్త ముందుకు లాగి వెనక వైపు చూడండి. రేకు మీద మూడో నాలుగో పెద్ద బోల్టు తలలు కనిపిస్తున్నాయా? అవి ట్రాన్సిట్ బోల్టులు. ఫ్రంట్ లోడ్‌లో డ్రమ్మున్న టబ్బు పైన స్ప్రింగులకు వేలాడుతూ, కింద షాక్ అబ్జార్బర్ల మీద ఆనుకుని ఉంటుంది. లారీ కుదుపులకు అది ఊగిపోకుండా ఫ్యాక్టరీలోనే వెనక రేకుకు బిగించేస్తారు. ఇంటికి చేరాక ఆ బోల్టులు తీసేయాలి. తీయకుండా నడిపితే నిమిషానికి 1200, 1400 చుట్లు తిరిగే డ్రమ్ము అదురును మింగాల్సిన స్ప్రింగులకు పనే ఉండదు, అదంతా నేరుగా బాడీకి తగులుతుంది. ఫ్రంట్ లోడ్ ఎప్పుడూ బిగించని ప్లంబర్‌కు ఈ సంగతి తెలియకపోవడంలో వింతేమీ లేదు.

కంపెనీని బట్టి 10 లేదా 13 మిల్లీమీటర్ల పానా పడుతుంది. బోల్టు వదులయ్యాక దాన్ని చుట్టుకుని ఉన్న రబ్బరు, ప్లాస్టిక్ గొట్టంతో సహా బయటికి లాగాలి. బోల్టు ఒక్కటే తీసి గొట్టాన్ని లోపలే వదిలేస్తే రోజూ టకటకమంటూనే ఉంటుంది. మాన్యువల్ ఉన్న కవర్లోనే ఆ రంధ్రాలకు ప్లాస్టిక్ మూతలుంటాయి. అవి తప్పక బిగించండి. ఆ సందుల్లోంచి ఎలుక దూరి వైర్లు కొరికితే వారంటీ వర్తించదు. బోల్టులు మాత్రం పారేయొద్దు, ఇల్లు మారినప్పుడు మళ్లీ బిగించాల్సింది వాటినే.

బోల్టులు ముందే తీసేసి ఉన్నారా? అయితే కాళ్ల సంగతి చూడాలి. తాపీ మేస్త్రి దగ్గరుండే రసమట్టాన్ని మిషన్ పైన ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా పెట్టి కాళ్లను తిప్పి సరిచేయండి. తర్వాత పైన ఎదురెదురు మూలల్ని రెండు చేతులతో నొక్కితే ఎటూ ఊగకూడదు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ప్రతి కాలికీ ఒక లాక్ నట్టు ఉంటుంది. దాన్ని పైకి, అంటే మిషన్ అడుగు రేకుకు ఆనేదాకా, తిప్పి బిగించకపోతే నెల తిరక్కుండానే కాలు మళ్లీ దిగిపోతుంది. డెలివరీ వాళ్లు అంటగట్టే చక్రాల స్టాండు మీద ఫ్రంట్ లోడ్ పెట్టకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

ఇప్పుడు బట్టలేమీ వేయకుండా స్పిన్ ఒక్కటే నడపండి. ఖాళీగా నిశ్శబ్దంగా తిరిగి, బట్టలేస్తేనే అదిరితే బరువు ఒకవైపు చేరుతున్నట్టు. ఒక్క దుప్పటో, ఒక్క జీన్స్ ప్యాంటో వేసినప్పుడు ఇలా అవుతుంది. రెండు మూడు తువ్వాళ్లు కలిపి వేయండి. ఖాళీగా తిరిగినా దబదబమంటే షాక్ అబ్జార్బరో, లోపలి బరువు దిమ్మెల బోల్టో వదులై ఉండొచ్చు. అది కంపెనీ చూడాల్సిన లోపం. మీ చేత్తో మూత విప్పకుండా అర నిమిషం వీడియో తీసి కంప్లైంట్ పెట్టండి.

మా ఫ్లాట్ పై అంతస్తులో ఉంది. ట్యాంకు సరిగ్గా మా నెత్తి మీదే. అయినా కొత్త మిషన్ నీళ్లు అందట్లేదని ఎర్రర్ చూపించి ఆగిపోతోంది. టెక్నీషియన్ వచ్చి ‘ఫోర్స్ లేదండీ’ అని వెళ్లిపోయాడు. బకెట్‌కు బాగానే వస్తున్నాయి కదా!
– అనంతపురం పాఠకుడు

ట్యాంకు నెత్తి మీద ఉండటమే చిక్కు. పైపులో ఒత్తిడి ట్యాంకు ఎంత దగ్గర అన్నదాన్ని బట్టి రాదు, నీటి మట్టం ఎంత ఎత్తున ఉందన్న దాన్ని బట్టి వస్తుంది. 10 మీటర్ల ఎత్తుకు దాదాపు 1 బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం). అంటే మీటరుకు 0.1. డాబా మీద దిమ్మె కట్టి పెట్టిన ట్యాంకు నుంచి మీ కొళాయి దాకా మహా అయితే రెండు, రెండున్నర మీటర్లు. ఒత్తిడి 0.25 బార్ కూడా దాటదు. చాలా ఫ్రంట్ లోడ్ మిషన్లు కనీసం 0.3 బార్ కావాలంటాయి, కొన్నింటికి అంతకంటే ఎక్కువే కావాలి. అదే ట్యాంకు కింది అంతస్తు వాళ్లకు ఏ ఇబ్బందీ రానివ్వదు. మీ కంపెనీకి ఎంత కావాలో మాన్యువల్ చివరి పేజీల్లోని పట్టికలో ఉంటుంది. నిర్ణీత సమయంలో నీళ్లు నిండకపోతే మిషన్ ఆగిపోతుంది. ఎల్‌జీలో ‘ఐఈ’ అనీ, శాంసంగ్‌లో ‘4సీ’ అనీ చూపించేది దీనికే.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. ఇన్‌లెట్ పైపు విప్పి, కొళాయి పూర్తిగా తెరిచి, లీటరు సీసా ఎన్ని సెకన్లలో నిండుతుందో ఫోన్లో చూడండి. నిమిషానికి 8 లీటర్లు రావాలన్నది కొన్ని మాన్యువళ్లలో ఉండే లెక్క. అంటే ఏడెనిమిది సెకన్లలో సీసా నిండాలి. పదిహేను పడుతోందంటే టెక్నీషియన్ మాట నిజమే.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఖర్చులేని పనులు చేయండి. కొళాయి సగమే తెరుచుకుందేమో, పైపు గోడకు నొక్కుకుని మడత పడిందేమో చూడండి. మిషన్ వెనక పైపు బిగించే చోట చిన్న జాలీ ఫిల్టర్ ఉంటుంది. కటింగ్ ప్లేయర్‌తో మెల్లగా బయటికి లాగండి. బోరు నీళ్లయితే తెల్లటి ఉప్పు పొర పేరుకుంటుంది, కొత్త ట్యాంకు, కొత్త పైపులైతే ప్లాస్టిక్ పొట్టూ ఇసుకా ఇరుక్కుంటాయి. గంటసేపు నిమ్మరసంలో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది మళ్లీ పెట్టేయండి. ఫోర్స్ పెరుగుతుందని జాలీని శాశ్వతంగా తీసేసే వాళ్లున్నారు. అప్పుడు ఇసుక లోపలి వాల్వులో ఇరుక్కుని అది మూసుకోవడం మానేస్తుంది, మిషన్ ఆఫ్‌లో ఉన్నా నీళ్లు కారుతూనే ఉంటాయి.

ఇవన్నీ చేసినా చాలకపోతే ఆటోమేటిక్ ప్రెషర్ పంపు పెట్టించుకోవడమే దారి. ట్యాంకు దిమ్మెను ఇంకో మీటరు లేపినా కలిసొచ్చేది 0.1 బారే.

టబ్బులోకి నీళ్లు వస్తున్నట్టే ఉన్నాయి, పోతున్నట్టే ఉన్నాయి. గంటైనా ఉతకడమే మొదలుపెట్టదు. – తెనాలి

అవుట్‌లెట్ పైపు కొసను బాత్రూమ్ నేల మీద పడేశారా? నీళ్లను బయటికి తోసే పంపు ఉన్న మిషన్లలో ఆ పైపు నేల నుంచి దాదాపు 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తుకు లేచి వంగాలి. పైపంతా కిందే ఉంటే వచ్చిన నీళ్లు వచ్చినట్టే జారిపోతాయి. నీళ్లు నిండుతుండగా పాజ్ నొక్కండి. పంపు చప్పుడు లేకుండానే పైపులోంచి నీళ్లు పోతుంటే ఇదే కారణం. పైపు వంపుకు పెట్టే ప్లాస్టిక్ కొక్కెం పెట్టెలోనే ఉంటుంది. సెమీ ఆటోమేటిక్, పంపు లేని టాప్ లోడ్ మిషన్లకు మాత్రం ఇది తిరగబడుతుంది, వాటి పైపు నేల మీదే ఉండాలి.

తడి చేత్తో ముట్టుకుంటే మిషన్ బాడీ జివ్వుమంటోంది. టెస్టర్ పెడితే వెలుగుతోంది. షోరూమ్ వాళ్లు ‘మీ ఇంటి ఎర్తింగ్ బాగోలేదు’ అంటున్నారు. తప్పించుకుంటున్నారా? – మహబూబాబాద్ జిల్లా నుంచి

వాళ్ల మాట నిజం కావడానికే అవకాశం ఎక్కువ. కానీ తేలేదాకా మిషన్ వాడొద్దు, ప్లగ్గు పీకేయండి. ఇలాంటి మిషన్ల లోపల కరెంటు తీగల నుంచి బాడీకి కలిసే చిన్న కెపాసిటర్లుంటాయి. వాటి ద్వారా చాలా కొద్దిపాటి కరెంటు ఎర్త్ తీగలోకి పోతుంటుంది. ఎర్తింగ్ లేని ఇంట్లో అది పోయే దారి లేక, బాడీ మీద దాదాపు సగం వోల్టేజీ, అంటే 110 దాకా నిలుస్తుంది. ఆ జివ్వుమనడం అదే. అయితే హీటరో మోటారో నిజంగా లీకైనా టెస్టర్ ఇలాగే వెలుగుతుంది. టెస్టర్‌తో తేడా తెలియదు.

ఎలక్ట్రీషియన్‌తో ఆ సాకెట్లో మల్టీమీటర్ పెట్టించండి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులుంటే, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా ఇంచుమించు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. తేడా వస్తే ఎర్తింగ్ సరిచేయించడం తప్పదు. సాకెట్లోనే న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేసే చిట్కా చేస్తానంటే ఒప్పుకోవద్దు. ఎక్కడైనా న్యూట్రల్ తీగ తెగిన రోజున బాడీ మొత్తానికి 230 వోల్టులు వస్తాయి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీని కూడా బోర్డులో పెట్టించండి. ఎర్తింగ్ సరిగా ఉన్నా షాక్ కొడితే అప్పుడది మిషన్ లోపం, గట్టిగా అడగండి.

ఆన్‌లైన్‌లో కొన్న మిషన్ ఆరో రోజున ఆగిపోయింది. టెక్నీషియన్ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోయిందన్నాడు, పార్టు రావడానికి రెండు వారాలన్నాడు. కొత్త మిషన్ ఇవ్వమంటే కంపెనీ అమ్మినవాళ్లను అడగమంటోంది, వాళ్లు కంపెనీని అడగమంటున్నారు. ఈలోగా ఓటీపీ చెప్పమని టెక్నీషియన్ రోజూ ఫోన్ చేస్తున్నాడు.
– ప్రైవేటు ఉద్యోగి, విశాఖపట్నం

ఓటీపీ చెప్పొద్దు. కొన్ని కంపెనీలు దాన్నే హ్యాపీ కోడ్ అంటాయి. మీరది చెప్పిన మరుక్షణం కంపెనీ రికార్డులో మీ సమస్య తీరిపోయినట్టు నమోదవుతుంది. మిషన్ మీ కళ్ల ముందు ఒక పూర్తి ఉతుకు ఉతికాకే కోడ్ ఇవ్వాలి. ‘పార్టు ఆర్డర్ పెట్టాలంటే కోడ్ కావాలి’ అంటే, అది పార్టు ఆర్డర్ కోసమేనని మెసేజ్‌లో రాసి పంపమనండి.

మీ దగ్గర ఉండాల్సిన అసలు కాగితం జాబ్ షీట్, అంటే టెక్నీషియన్ తాను చూసిన లోపం రాసిచ్చేది. దాని మీద రాసిన నాలుగు ముక్కలే రేపు మీ కేసును నిలబెట్టేవీ, పడగొట్టేవీ. ‘పీసీబీ డిఫెక్టివ్’ (బోర్డులో లోపం) అని ఉంటే మీ పక్షం. ‘పవర్ ఫ్లక్చుయేషన్’, ‘ఇన్‌స్టలేషన్ ఇష్యూ’, ‘నో ఫాల్ట్ ఫౌండ్’ అని ఉంటే తప్పు మీ ఇంటి మీదకు తోసినట్టే. సంతకం పెట్టే ముందు చదవండి. ఒప్పుకోకపోతే ఆ పక్కనే ‘ఏకీభవించడం లేదు’ అని రాసి ఫొటో తీసుకోండి. కాగితం ఇవ్వకుండా ట్యాబ్‌లో వేలితో సంతకం చేయించుకుంటే కాపీ మెయిల్ చేయమనండి.

ఇక గడువు విషయం. వారంటీ కార్డులో సాధారణంగా ఉండేది బాగుచేస్తామన్న హామీ, మార్చి ఇస్తామని కాదు. కొత్తది ఇస్తామన్నది అమ్మినవారి రిటర్న్ పాలసీ. అది మీ ఆర్డర్ పేజీలోనే ఉంటుంది, చాలాచోట్ల 7 లేదా 10 రోజులు. ‘పార్టు వస్తుంది, ఆగండి’ అనే మాటకు ఆగితే ఆ రోజులు కరిగిపోతాయి. అందుకని ఈ రోజే యాప్‌లో రీప్లేస్‌మెంట్ రిక్వెస్టు పెట్టి, ఇలా ఒక మెయిల్ అమ్మినవారికీ కంపెనీకీ కలిపి పంపండి:

‘ఆర్డర్ నంబరు..., మోడల్..., సీరియల్ నంబరు.... డెలివరీ తేదీ.... ఆరో రోజున మిషన్ పూర్తిగా ఆగిపోయింది. కంప్లైంట్ నంబరు.... మీ టెక్నీషియన్ ... తేదీన పరీక్షించి బోర్డు లోపమని జాబ్ షీట్‌లో రాశారు, కాపీ జతచేశాను. రిటర్న్ గడువు ... దాకా ఉంది. ఆ గడువులోపలే మిషన్ మార్చి ఇవ్వమని కోరుతున్నాను. రిపేరుకు నేను సమ్మతించలేదు.’

ఆఖరి వాక్యం తీసేయకండి. ఒక్కసారి బోర్డు మార్చనిస్తే ‘సమస్య తీరింది కదా’ అంటారు. అలాగని ప్రతిదానికీ కొత్తదే కావాలని పట్టుబట్టక్కర్లేదు. బోర్డు రేపే వస్తుందంటే గంటలో అయిపోయే పని అది. డ్రమ్ము చప్పుడు, టబ్బు లీకేజీ, వంగిన బాడీ లాంటివైతే మాత్రం రిపేరుకు ఒప్పుకోవద్దు.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ సంస్థకు గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండి తీరాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అక్కడా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు, ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రప్పిస్తారు. చాలా తగాదాలు ఇక్కడే తెగుతాయి.

తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక కంపెనీ ఆఫీసు ఏ నగరంలో ఉన్నా మీరుంటున్న చోటే కేసు వేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. రెండేళ్లలోపు వేయాలి. అమ్మినవారినీ తయారీ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. మిమ్మల్ని ఒకరి మీద ఒకరు తోసుకున్నట్టు కమిషన్ ముందు తోసుకోవడం కుదరదు.

గూగుల్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు చేస్తే పది రూపాయలు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని లింకు పంపారు. – నిజామాబాద్

లింకు తెరవకండి. వారంటీలో ఉన్న మిషన్‌కు ఫిర్యాదు నమోదు చేయడానికి ఫీజు ఉండదు. నంబరు కోసం వారంటీ కార్డో, మిషన్ మీది స్టిక్కరో చూడండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు చేయండి.

‘పదేళ్ల వారంటీ’ అని అమ్మారు. మూడో ఏడు బోర్డు పోతే డబ్బు కట్టమంటున్నారు! – కడప

ఆ పదేళ్లూ మోటారుకే. చాలా కంపెనీల్లో మిగతా మిషన్‌కంతా రెండేళ్లే. బోర్డు, వాల్వు, డ్రెయిన్ పంపు... ఇవేవీ మోటారు కిందికి రావు. మోటారే పోయినా కొన్ని కంపెనీలు విడిభాగం ఉచితంగా ఇచ్చి విజిట్ చార్జీ తీసుకుంటాయి. లెక్క బిల్లు తేదీ నుంచి మొదలవుతుంది. షోరూమ్ బిల్లు థర్మల్ కాగితమైతే కొన్ని నెలలకే అక్షరాలు వెలిసిపోతాయి, కొన్న రోజే ఫొటో తీసి ఉంచుకోవాలి.