మానిఫోల్డ్ మార్చాక ఇంజను పోయింది, ఎవరిని అడగాలి?

ప్రశ్న: నాది టర్బో పెట్రోలు కారు. కంపెనీ వారంటీ ఇంకా ఏడాది ఉంది. ఆన్‌లైన్‌లో అల్యూమినియం ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజను సిలిండర్లకు గాలి పంచే గొట్టాల అమరిక) కొని, నెల్లూరులో ఒక గ్యారేజీలో పాత ప్లాస్టిక్‌ది తీయించి బిగించుకున్నాను. ఈసీయూ రీమ్యాప్ (ఇంజనును నడిపే కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చడం) కూడా వాళ్ళే చేశారు. మూడు వారాలకు చెక్ ఇంజన్ లైటు వెలిగింది. ఫోన్ చేస్తే "ఏం కాదు, తోలండి" అన్నారు. వారం తిరక్కుండానే సింగరాయకొండ దగ్గర హైవే మీద బండి ఆగిపోయింది. మూడో సిలిండర్‌లో పిస్టన్ పోయింది, వారంటీ రాదు అంటున్నారు షోరూంవాళ్ళు. ఇన్సూరెన్స్ కంపెనీ కూడా కుదరదంది. పార్టు నేను అమ్మలేదు కదా అంటున్నాడు గ్యారేజీ ఆయన. పైగా ఆర్టీవో కేసు అవుతుందని కొందరు భయపెడుతున్నారు. నా దారేమిటి? (కావలి పాఠకుడు, పేరు వద్దన్నారు)

జవాబు: బండి షోరూంలోనే ఉంటే ఇంజను ఇంకెవరూ విప్పకూడదని ఈరోజే మెయిలు పెట్టండి. బ్యాటరీ తీయొద్దనీ, ఎర్రర్ కోడ్లు చెరపొద్దనీ, ఈసీయూలో కంపెనీ సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించొద్దనీ అందులో రాయండి. పిస్టన్ ఎందుకు పోయిందో తేలితేనే డబ్బు ఎవరు కట్టాలో తేలుతుంది. ఆ రుజువంతా ఇప్పుడు ఆ బానెట్ కిందే ఉంది.

గ్యారేజీకి, పార్టు అమ్మినవాళ్ళకు, కార్ల కంపెనీకి, ఇన్సూరెన్స్‌కు నోటీసులిచ్చి, ఒక తేదీన అందరి ఎదుట తనిఖీ పెట్టించండి. రాకపోతే అది వాళ్ళ ఖర్మ, మీరు మాత్రం పిలిచినట్టు కాగితం ఉండాలి. మీ తరఫున ఆటోమొబైల్ ఇంజనీరును తీసుకెళ్ళండి. విప్పేముందు స్కానర్ పెట్టించి కోడ్లు, ఫ్రీజ్ ఫ్రేమ్ డేటా ప్రింటు తీయించండి. లైటు వెలిగిన క్షణంలో ఆర్పీఎం ఎంత, వేడి ఎంత అన్నది అందులో ఉంటుంది. పీ0171 ఉంటే పెట్రోలుకు మించి గాలి పోతోందని, పీ0299 ఉంటే టర్బో ప్రెషర్ చాలడం లేదని అర్థం. రెండిట్లో ఏది వచ్చినా చూపు ముందు మానిఫోల్డ్ గాస్కెట్ (ఇంజనుకూ మానిఫోల్డ్‌కూ మధ్య గాలి కారకుండా వేసే పట్టీ) మీదికే పోవాలి. పాత గాస్కెట్‌నే మళ్ళీ వేశారా? బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకు, టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే స్పానర్) బిగించారా? మామూలుగా ఆరు మిల్లీమీటర్ల బోల్టుకు దాదాపు పది న్యూటన్ మీటర్ల బిగింపే చాలు. చేతి అంచనాతో బిగిస్తే ఇంజను పైభాగమైన అల్యూమినియం హెడ్‌లో మరలు తెగిపోతాయి. అలా తెగిన చోట గాలి ఐడిల్‌లో లోపలికి పీలుస్తుంది, టర్బో ఎక్కినప్పుడు బయటికి తన్నుతుంది.

సిలిండర్ గోడ మీద నిలువు గీతలు, పిస్టన్ తల మీద చిన్న చిన్న గుంటలు కనిపిస్తే కథ వేరు. పోర్టులు (గాలి పోయే రంధ్రాలు) కలవడానికి ఆకురాయితో రుద్ది, ఆ లోహపు రజను కడగకుండా బిగించి ఉంటారు. రజను పోత పోసిన మానిఫోల్డ్ లోపలే మిగిలిపోయినదైతే అమ్మినవాడికీ బాధ్యత వస్తుంది. గోడలు శుభ్రంగా ఉండి పిస్టన్ రింగుల మధ్య అంచు మాత్రమే విరిగితే, రీమ్యాప్‌లో బూస్టు (టర్బో ప్రెషర్) పెంచి, టైమింగ్ (స్పార్క్ పడే సమయం) ముందుకు జరపడం వల్ల నాకింగ్ (పెట్రోలు వేళకాని వేళ పేలడం) వచ్చిందని అనుమానించాలి. ఆ రీమ్యాప్ ఫైలు ఎక్కించింది గ్యారేజీ. పార్టు నేను అమ్మలేదన్న మాట అక్కడ పనికిరాదు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టరే మూసుకుపోయిందని తేలితే మాత్రం కంపెనీతో గట్టిగా మాట్లాడొచ్చు.

వారంటీ సంగతి. మార్పు చేసినా వారంటీ రద్దు చేయడానికి వీల్లేదని ఇంటర్నెట్‌లో చదివే ఉంటారు. అది 1975 నాటి అమెరికా చట్టం, మాగ్నసన్ మాస్ అంటారు. ఇక్కడ దానికి విలువ లేదు. మన దగ్గర 2014లో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపార పోటీని పర్యవేక్షించే సంస్థ) 14 కార్ల కంపెనీల మీద ఉత్తర్వు ఇస్తూ, బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయకూడదని, ఆ రిపేరు వల్ల జరిగిన నష్టం మేరకే తీసేయొచ్చని చెప్పింది. కాకపోతే మీరు చేయించింది రిపేరు కాదు, అప్‌గ్రేడ్. ఇంజను మీద ఆ ఉత్తర్వు పట్టుకుని గెలవడం కష్టం. స్టీరింగ్, ఏసీ, సస్పెన్షన్‌ల వారంటీ కూడా పోయిందంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఏ పార్టు వల్ల ఏది చెడిందో రాసివ్వమని అడగండి. డీలరు మీద ప్రొడక్ట్ లయబిలిటీ కేసు (వస్తువు లోపం వల్ల జరిగిన నష్టానికి పరిహారం అడగడం) వేద్దామనుకుంటే వినియోగదారుల రక్షణ చట్టం 87వ సెక్షన్ అడ్డొస్తుంది, మార్పులు చేసిన వస్తువుకు అమ్మకందారు బాధ్యుడు కాడు.

ఇన్సూరెన్స్ దగ్గర ఆశ పెట్టుకోకండి. మామూలు కారు పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్ మినహాయింపుల్లోనే ఉంటుంది. ప్రమాదమేదీ జరగకుండా ఇంజను పోతే ఇవ్వరు. ఇంజన్ ప్రొటెక్ట్ (ఇంజను కోసం విడిగా తీసుకునే అదనపు బీమా) కట్టి ఉంటే దాని షరతులు చదవండి. బండి చెడిన తర్వాత బాగుచేయించకుండా నడిపితే పెరిగిన నష్టం మీదేనన్న షరతు కూడా పాలసీలో ఉంటుంది. లైటు వెలిగాక తోలడం అక్కడ దెబ్బ కొడుతుంది. హైవే మీద స్పీడు చూపించే రీల్స్ పెట్టి ఉంటే, సర్వేయర్ (నష్టం అంచనా వేసే ఇన్సూరెన్స్ మనిషి) వాటిని కూడా చూస్తాడు.

అందుకే మీ అసలు కేసు గ్యారేజీ మీద. మీరే పార్టు తెచ్చిచ్చినా, అది ఆ ఇంజనుకు సరిపోతుందో లేదో చూడాల్సింది డబ్బు తీసుకుని బిగించినవాడు. లైటు వెలిగినప్పుడు "తోలండి" అనడం సేవా లోపంలో బలమైన ముక్క. అది వాట్సాప్‌లో ఉంటే ఫోను మార్చకండి, చాట్ చెరపకండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే ధ్రువపత్రం) దాఖలు చేయాలి. ఉత్త ఫోన్‌కాల్ అయితే ఇప్పుడైనా ఒక మెసేజ్ పెట్టండి: "ఫలానా తేదీన లైటు వెలిగిందని చెప్పాను, తోలమన్నారు, ఇప్పుడు ఇంజను పోయింది." వచ్చే జవాబు ఏదైనా పనికొస్తుంది. బిల్లు ఇవ్వకపోతే ఫోన్‌పే చెల్లింపు చాలు. పాత ప్లాస్టిక్ మానిఫోల్డ్ వాళ్ళ దగ్గరే ఉంటే, తుక్కుకు పోకముందే తెచ్చుకోండి.

నోటీసుకు పదిహేను రోజులు గడువివ్వండి. దారికి రాకపోతే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. ఆన్‌లైన్‌లో పార్టు అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరుండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. మీరు చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. ఇంజనును ల్యాబ్‌కు పంపమని వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద అడగొచ్చు. పార్టు ఇన్వాయిస్ మీద, పెట్టె మీద "ట్రాక్ వాడకానికి మాత్రమే" (అంటే రోడ్డు మీద కాదు, రేసు ట్రాక్ మీదే) అని రాసి ఉందేమో ముందే చూసుకోండి. ఉంటే అమ్మినవాడు దాన్నే అడ్డం పెట్టుకుంటాడు, గ్యారేజీకి మాత్రం అది ఇంకా చేటు, చదివి కూడా బిగించినట్టవుతుంది. లైటు తర్వాత వారం తోలారు కాబట్టి పరిహారంలో కొంత కోత పడవచ్చు.

ఇక ఆర్టీవో భయం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్సీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చొద్దంటుంది. కె.జయచంద్ర కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు దాన్ని గట్టిగానే చెప్పింది. మానిఫోల్డ్ ఒక్కటే మార్చడం బండి మౌలిక లక్షణాన్ని మార్చినట్టు కాదని వాదించొచ్చు, నా ఉద్దేశం కూడా అదే. రీమ్యాప్‌తో ఆ వాదన పలుచబడుతుంది, రిజిస్ట్రేషన్ దరఖాస్తు ఫారం 20లో హార్స్‌పవర్‌కు కూడా ఒక గడి ఉంది. అనుమతి లేని మార్పుకు 182ఏ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పొగ, శబ్దం ప్రమాణాలు దాటితే 190(2) కింద మొదటిసారి 10,000 దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) కూడా పీకేసి ఉంటే ఈ సెక్షన్ నిజంగానే తగులుకుంటుంది. గ్యారేజీవాళ్ళు ఈ కేసు పేరు చెప్పి బెదిరిస్తే, ఆ మార్పు చేసింది ఎవరని అడగండి.

తనిఖీ పూర్తయ్యాక, అంతకుముందు కాదు, ఒరిజినల్ మానిఫోల్డ్, కొత్త గాస్కెట్, కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో రిపేరు చేయించండి. బ్రేక్ బూస్టర్‌కు పోయే వాక్యూమ్ గొట్టం, దాని వన్‌వే వాల్వ్ తిరిగి పెట్టారో లేదో దగ్గరుండి చూడండి, అది లేకపోతే బ్రేకు పెడల్ రాయిలా అవుతుంది. ఇవన్నీ బిల్లులో వేరువేరుగా రాయించి, కొత్తగా పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకోండి. విరిగిన పిస్టన్‌నూ, తీసిన అల్యూమినియం మానిఫోల్డ్‌నూ అందరి సంతకాలతో సీలు వేయించి మీ దగ్గరే పెట్టుకోండి.